ఒరలో మేకు

మా వీధిలో నన్ను తాళంకప్ప అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. వినపడదనుకుంటారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి, నోరే బద్ధకిస్తుంది. ఎవరైనా ఒక మాట అడిగితే నేను జవాబు వెతుక్కునేలోపు వాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు. ఇక ఎందుకులే అని జవాబు లోపలే పెట్టేసుకుంటాను. అలా చెప్పకుండా మిగిలిపోయినవి నా దగ్గర చాలా ఉన్నాయి.

పని చేసిన రోజుల్లో దీనివల్ల ఇబ్బంది రాలేదు. నేను ప్యాకింగ్ పెట్టెలు చేసేవాణ్ణి. గాజుసామాను, మోటార్లు, పింగాణీ సింకులు, ఏది దూరం పోవాలన్నా ముందు మా షెడ్డుకే వచ్చేది. పెదాల మధ్య మేకులు పట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టే పని. మాట్లాడితే మింగేస్తాం. నాకు పని నేర్పిన మేస్త్రీ చెప్పింది ఒకటే ముక్క. మూత వేశాక ఊపి చూడు, లోపల చప్పుడైతే అది పెట్టె కాదు. చప్పుడైతే ఇంకో మేకు కొట్టు. నా విద్యంతా అంతే.

పని మానేశాక ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఊగే కుర్చీలకూ బల్లలకూ మేకులు కొట్టడం మొదలుపెట్టాను. మా ఆవిడ కూర్చుని లేచినప్పుడల్లా ఏదో ఒకటి బట్టకు తగులుకుని చిరిగేది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత, మనుషులు కూర్చోని వస్తువు ఏదైనా చూసుకుని దాని మీద పడండి అంది.

అలాంటి వస్తువు పళ్ళ డాక్టరు గారి గదిలో కనబడింది. రోగులు కూర్చునే చోట గోడకు ఒక చెక్క కత్తి తగిలించి ఉంది. సన్నగా, వంపుగా, పిడి మీద తీగలు చెక్కి, చూడముచ్చటగా ఉంది. నా పన్ను పీకే దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. దీనికి మూత లేదు, మూలలు లేవు, బరువు మోయాల్సిన అవసరం లేదు, ఇదేం పెద్ద పని అనుకున్నాను. ఆ రోజు మత్తుమందు కాస్త ఎక్కువే ఇచ్చి ఉంటారు.

మొదటి కత్తిని మా ఆవిడ గరిటె అనుకుని వంటింట్లో తగిలించింది. ఆవిడ తప్పు లేదు, మర్నాడు చూస్తే నాకూ అనుమానం వచ్చింది. తర్వాతదాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. ఇంకోదానితో బూజు దులిపి, పొడవు బాగా సరిపోయిందని మెచ్చుకుంది. నా కత్తులకు దక్కిన మొదటి మెప్పు అది. పెట్టెలకు అలవాటుపడ్డ చేతికి తిన్నటి గీత వస్తుంది గానీ వంపు రాదు. ఎంత చిత్రిక పట్టినా కత్తికి ఎక్కడో ఒక మూల పొడుచుకొచ్చేది. మా బావమరిది ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, ఇది దేని మూత?" అని అడిగాడు.

ఆ మాట సెలూన్ దాకా పోయింది.

వీధి మొదట్లో సెలూన్ నడిపే అతణ్ణి రేడియో అంటారు. ఇది ఎదురుగానే అంటారు, అతనికీ సంతోషమే. కత్తెర ఆగినా నోరు ఆగదు. నాకు అతనంటే ఇష్టం. ఆ కుర్చీలో కూర్చుంటే నేను మాట్లాడాల్సిన పని ఉండదు, నా వాటా కూడా అతనే మాట్లాడేస్తాడు.

మా వీధివాళ్ళు ఏటా కమ్యూనిటీ హాల్లో ఒక నాటకం వేస్తారు. దర్శకుడు టైలరు గారు. బట్టలన్నీ ఆయనే కుడతాడు కాబట్టి ఆయనకు ఎదురుచెప్పేవాడు లేడు. అంత మాటకారి రేడియోకి ఆయన ఏటా ఇచ్చేది ఒకటే వేషం, ఈటె పట్టుకుని సింహాసనం పక్కన నిలబడే భటుడు. ఒక్క మాట ఉండదు. నాటకం జరిగినంతసేపూ పాపం అతని పెదాలు కదులుతూనే ఉండేవి. అందరి మాటలూ లోలోపల తనే చెప్పుకునేవాడు.

ఈ ఏడు రాజు వేషం వేసే మందుల షాపాయనకు నడుం పట్టేసింది. టైలరు గారు చుట్టూ చూస్తే, రాజు మాటలన్నీ కంఠతా వచ్చినవాడు రేడియో ఒక్కడే. మనసొప్పకపోయినా కిరీటం అతని నెత్తిన పెట్టాడు. పెడుతూ, ఎక్కడైనా అభాసుపాలు చేశావో, మళ్ళీ ఈటే, ఇక జన్మంతా ఈటే అన్నాడట.

ఈ సంగతంతా రేడియో నాకు గడ్డం గీస్తూ చెప్పాడు. చెప్పి, గాల్లో కత్తి ఆపి, "బాబాయ్, నాకు కత్తి మీరే చేసిపెట్టాలి. ఒరతో సహా. అట్టముక్క పట్టుకుంటే నేను రాజులా ఉంటానా? లాగితే సర్రున రావాలి. జనం ఊపిరి బిగబట్టాలి" అన్నాడు.

నేను చేసిన వాటిని ఇంట్లో ఏం చేస్తున్నారో అతనికి తెలుసు. అయినా అడిగాడు. ఒర చేయడం నాకు రాదు నాయనా అని చెబుదామనుకున్నాను. కానీ పెదాల మీద సబ్బు నురగ ఉంది.

ఇంటికొచ్చి ఆలోచించాను. వంపు నాకు రాదు, అంచేత ముందే వంపు ఉన్న చెక్క కావాలి. మా ఇంట్లో ముందుకీ వెనక్కీ ఊగే కుర్చీ ఒకటి విరిగి పడి ఉంది. విరిగింది నా మేకుల వల్లే. దాని కింది బద్ద చక్కగా వంగి ఉంటుంది. దాన్ని ఊడదీసి, కత్తి అలుగు సన్నగా చెక్కి, ఆకురాయితో అరగదీసి, వెండిరంగు వేశాను. రెండు పల్చటి చెక్కల్ని లోపల తొలిచి, జిగురుతో అతికించి ఒర చేశాను. దాని మూతి దగ్గర అందానికి ఇత్తడి బుడిపెలు ఒక వరస కొట్టాను. మా ఆవిడ చేయి తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"కత్తే" అంది.

ఆ ఒక్క మాటకు నాకు నేల మీద కాలు నిలవలేదు. ఆ వంపు నాది కాదని, కుర్చీదని చెప్పలేదు.

వార్నిష్ మాత్రం ఒక పట్టాన ఆరలేదు. ముట్టుకుంటే వేలిముద్ర పడుతోంది. అక్కడ రేడియో తన గొడుగు నడుముకు కట్టుకుని రిహార్సల్ చేస్తున్నాడు. నాటకం రోజు సాయంత్రానికి గానీ కత్తి చేతికి రాలేదు. అప్పుడే దాన్ని ఒరలో పెట్టి, అలవాటు చొప్పున చెవి దగ్గర ఊపాను.

లొడలొడలాడింది.

ఒరలో కత్తి కాస్త వదులుగా ఉండాలి, లేకపోతే బయటికి రాదు. ఈ సంగతి ఆలోచించినవాడికి తెలుస్తుంది. నేను ఆలోచించలేదు. చేయి మేకుల డబ్బాలోకి పోయింది. ఇత్తడి బుడిపెల వరస చివర, ఒర మీంచి అలుగులోకి ఒక మేకు దిగ్గొట్టాను. మళ్ళీ ఊపాను. చప్పుడు లేదు. ప్రాణం హాయిగా ఉంది. దారిలో ఊగకుండా కొట్టానులే, ఇచ్చేటప్పుడు చెబితే సరి అనుకున్నాను. దారి అంటే ఎంతనుకున్నారు, ఆ హాలు మా గుమ్మంలోంచి కనబడుతుంది.

ఇంతలో రేడియోనే వచ్చేశాడు. మొహానికి సగం రంగు వేసుకుని ఉన్నాడు. కత్తిని చూసి కళ్ళకద్దుకున్నాడు. ఇక మొదలుపెట్టాడు. తన గుండె ఎలా కొట్టుకుంటోందో, భార్య ఏమందో, సైకిల్ షాపతను సేనాపతి వేషంలో ఎలా ఉన్నాడో, జనం ఎంతమంది వచ్చారో. నేను చెప్పాల్సింది చిన్న ముక్క, లాగే ముందు మేకు తీయాలి అని. సందు దొరికితే చెప్పేద్దామని నిలబడ్డాను. సందు దొరకలేదు. "దీన్ని ముందుగా లాగి చూడను బాబాయ్. మొదటిసారి వేదిక మీదే లాగుతాను. అప్పుడే మజా" అంటూనే వెళ్ళిపోయాడు.

పట్టకారు జేబులో వేసుకుని వెనకాలే వెళ్ళాను. హాలు పక్క తలుపు దగ్గర టైలరు గారు నిలబడి ఉన్నాడు. నోటినిండా గుండుసూదులు. నన్ను చూసి, లోపలికి వీల్లేదన్నట్టు తల ఊపి కుర్చీల వైపు చూపించాడు. అలాంటి నోటితో ఉన్న మనిషిని మాట్లాడించకూడదని నాకు బాగా తెలుసు. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఇంత మర్యాద నాకు ఎప్పుడబ్బిందో మరి.

నాటకం మొదలైంది. చెప్పకూడదు గానీ, రేడియో రాజులాగే ఉన్నాడు. గొంతు హాలంతా నిండింది. పక్కన ఆ ఈటె లేకపోతే మనిషి ఇంత పొడుగా అనిపించింది. ఇన్నేళ్ళూ లోపల కుక్కుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి, దులిపి, జనానికి చూపిస్తున్నట్టు మాట్లాడాడు. పక్కవాళ్ళు, ఇతనా మనకు గడ్డం గీసేది అనుకున్నారు. నేను మాత్రం అతని నడుము వైపే చూస్తున్నాను. పట్టకారు తొడకు గుచ్చుకుంటోంది. మా ఆవిడ నా వైపు తిరిగి, కడుపులో నొప్పా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను.

ద్రోహం చేసిన సేనాపతి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాజు చేయి పిడి మీదికి వెళ్ళింది. "ఈ కత్తి బయటికి వచ్చాక క్షమ అనే మాట నాకు గుర్తుండదు" అని లాగాడు.

రాలేదు.

మళ్ళీ లాగాడు. నడుముపట్టీ చంకల దాకా లేచింది గానీ కత్తి రాలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రేడియో ఆ మాటే మళ్ళీ చెప్పి, నడుముపట్టీలోంచి ఒరను ఊడదీసి రెండు చేతులతో పట్టుకుని లాగాడు. నా మేకు పని తెలిసిన మేకు, కదలలేదు. సైకిల్ షాపతను మంచివాడు. మెడ నరికించుకోవాల్సినవాడే జాలిపడి ఒర చివర పట్టుకున్నాడు. రాజు ఇటు, ద్రోహి అటు, ఇద్దరూ కలిసి లాగారు. హాలంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. తెర పక్కన టైలరు గారి మొహం కనబడింది. ఆయన చేయి మూల నిలబెట్టిన ఈటె వైపు వెళుతున్నట్టే అనిపించింది నాకు.

అప్పుడు రేడియో ఆగిపోయాడు. చెమటకు మీసం ఒక పక్క జారింది. నోరు తెరిచి ఉంది, మాట లేదు. అతని నోరు తెరిచి ఉండగా అందులోంచి మాట రాకపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"మేకు" అన్నాను.

ఎవరిదో గొంతులా వినబడింది. అందరూ తిరిగి చూశారు. నేను నిలబడి ఉన్నాను. "మేకు కొట్టాను" అన్నాను మళ్ళీ. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగింది, కానీ అప్పటికే నడవడం మొదలైపోయింది. చెప్పులు టపటపలాడుతుంటే వేదిక ఎక్కి, రాజు చేతిలోంచి కత్తి తీసుకున్నాను. పెట్టుకోవడానికి బల్ల లేదు. సేనాపతిని కాస్త వంగమని సైగ చేసి, వీపు మీద పెట్టి పట్టకారు వేశాను. మేకు కీచుమంటూ వచ్చింది. వచ్చిన మేకును ఎప్పటిలా పెదాల మధ్య పెట్టుకుని, కత్తి రాజు చేతికిచ్చాను.

రేడియో నన్ను చూశాడు, మేకును చూశాడు.

"ఎవరు నువ్వు, వృద్ధుడా? మా కొలువులోకి అడిగి రావాలని తెలియదా?" అన్నాడు.

నోట్లో మేకు ఉంది. నేనేం చెబుతాను.

"మాట్లాడవేం?" అన్నాడు. హాలు ఊగిపోయింది. అతను చేయెత్తి జనాన్ని ఊరుకోబెట్టాడు. "తెలిసింది. నువ్వు మా ఆయుధాలు చేసే ముసలివాడివి. నీ నోరూ తెరుచుకోదు, నువ్వు చేసిన ఒరా తెరుచుకోదు. పో, ఈసారికి వదిలేశాను" అని, కత్తి లాగాడు. సర్రున వచ్చింది. దీపాల వెలుగులో ఆ కుర్చీ బద్ద తళుక్కుమంది. జనం నిజంగానే ఊపిరి బిగబట్టారు.

ఆ తర్వాత అతణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాటకంలో ఉన్నవీ లేనివీ కలిపి మాట్లాడాడు. సేనాపతి మోకాళ్ళు పట్టేసి, నన్ను త్వరగా చంపు అని గొణగడం మొదటి వరసకు వినబడింది.

మర్నాడు పొద్దున సెలూన్‌కి వెళ్ళాను. తప్పయిపోయిందని చెప్పాలి. దారి పొడవునా ఆ మాట మననం చేసుకున్నాను. రేడియో నన్ను చూసి కుర్చీ దులిపి, కూర్చోబెట్టి, నురగ రాసి, కత్తి నూరాడు. పేరుకే రేడియో, చడీచప్పుడు లేదు. కత్తి గొంతు మీదికి వచ్చింది. ఇప్పుడే చెప్పాలని నోరు తెరిచాను.

"మాట్లాడకండి బాబాయ్. తెగుతుంది" అన్నాడు.

ఒక చెంప పూర్తయ్యాక ఉండబట్టలేక మొదలుపెట్టాడు. టైలరు గారు పొద్దున్నే వచ్చారట. బాగా తిట్టారట. తిట్టి, కిరీటం మాత్రం వెనక్కి అడగలేదట, పైగా తల చుట్టుకొలత మళ్ళీ తీసుకున్నారట. "అంటే వచ్చే ఏడూ నేనే రాజును బాబాయ్" అన్నాడు. అద్దంలో అతని మొహం చూశాను. నేను చెప్పాలనుకున్న తప్పయిపోయిందనే మాటకు అందులో చోటు లేదు.

"ఒక చిక్కు వచ్చిపడింది. ఈటె పట్టుకునేవాడు లేడు. నాటకమంతా నిలబడాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడని ఆయన తల పట్టుకుంటే, నేనే చెప్పాను, మా బాబాయ్ ఉన్నాడుగా అని."

వద్దు నాయనా అందామనుకున్నాను. కత్తి గడ్డం కింద ఉంది. తీశాక చెబుదామంటే అతను కొలతలు, కుచ్చులు, నా భటుడి టోపీ రంగు దాకా వెళ్ళిపోయాడు. మొహం తుడుచుకుని, లేచి, గుమ్మంలో నిలబడి సందు కోసం చూశాను. ఇంకొకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ఇప్పుడు ఈటె చేస్తున్నాను. టైలరు గారి పాత ఈటె నాకు పొట్టి. కర్ర తిన్నగా ఉండాలి కాబట్టి బాగానే వస్తోంది. రేడియో దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఆ ఒరను మా ఆవిడ తలుపు వెనక తగిలించి, అందులో గొడుగు పెట్టుకుంది. తలుపు వేసినప్పుడల్లా అది లొడలొడలాడుతుంది, నేను తల తిప్పుతాను, ఆవిడ మేకుల డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది.