తిరిగి చెప్పిన మాట

ఇది చదివేవాళ్ళు నా రాతను మన్నించాలి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. ఈ కాసిని కాగితాలు రాయడానికి నాకు నెల దాటింది. మధ్యలో మా మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, నువ్వు చెప్పు, నేను టైప్ చేసేస్తా," అంది. వద్దన్నాను. నోటితో చెప్పడం జీవితమంతా చేశాను. ఇది నా చేత్తో రాయాలి.

మనవరాలి పేరు మేబెల్. డిగ్రీ రెండో సంవత్సరం. దాని తల్లి ప్రిసిల్లా, నా కూతురు, ఆసుపత్రిలో నర్సు. ముగ్గురం మెట్టుగూడలో ఉంటాం. రైలు వెళ్ళినప్పుడల్లా మా కిటికీ ఊచలు సన్నగా మోగుతాయి. ఆ చప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలకు వినిపిస్తుంది గానీ మాకు వినిపించదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. మేబెల్ గదిలోంచి ఒకటే కేకలు.

"అదిగో! అక్కడ! అక్కడే, ఆ చెట్టు పక్కన! చూడు, చూడు... అయ్యో, చచ్చిపోయాడు!"

చేతిలో గరిటెతోనే పరిగెత్తాను.

"ఎవరే చచ్చిపోయింది?"

"నాగసాయి."

"బోయిగూడ నాగసాయా? అయ్యో దేవా! వాళ్ళమ్మకి చెప్పారా?"

కంప్యూటర్లోంచి పకపకా నవ్వులు వినిపించాయి. "బతికే ఉన్న అమ్మమ్మా! మీ మనవరాలే చంపింది నన్ను," అన్నాడు నాగసాయి.

అప్పుడు తెలిసింది నాకు అది ఆట అని. అయిదుగురు ఒక జట్టు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడతారు. అచ్చం సైన్యంలో లాగే ఉంటుందట. ఒక్క గుండు తగిలితే ఆ ఆట అయ్యేదాకా లేవకూడదు. ఒకరికి కనపడేది ఇంకొకరికి కనపడదు. అందరినీ కలిపేది రేడియో ఒక్కటే. మీట నొక్కితే మాట వెళ్తుంది, నా మాటా అలాగే వెళ్ళింది. ఒకరు నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ళ మాట వెళ్ళదు. మేబెల్ పని కొండ మీద పడుకుని, దుర్భిణీలో చూసి, శత్రువులు ఎక్కడున్నారో కిందున్నవాళ్ళకి చెప్పడం.

నవ్వులు ఆగాక నాగసాయి గొంతు మారింది. జట్టుకి పెద్ద అతనే.

"మేబెల్, నీ కండ్లు మంచిగున్నయ్. నోరే ఖరాబు. అదిగో అక్కడ అంటే నాకేం సమజైతది? నువ్వు ఆడ ఏలు వెట్టి చూపిస్తే ఈడ నాకు కనిపిస్తదా? వచ్చే ఐతారం వైజాగోళ్ళతోని మ్యాచ్. గప్పుడు సుత గిట్లనే ఒర్రితే నీ జాగల ఇంకోర్ని చూసుకుంట. నువ్వు బయట కూసొని చూడు."

"సరే," అంది మేబెల్. మీట నొక్కకుండా అంది. అతనికి వినపడి ఉండదు.

ఆ సాయంత్రం అది అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికింది. మా మేబెల్ సంగతి మీకు చెప్పాలి. వాళ్ళ తాతయ్య పోయిన దగ్గర్నుంచి పిల్ల మాట తగ్గించేసింది. కాలేజీలో హాజరు పలికినా వినపడదని టీచర్లు అనేవారట. ఈ ఆటలో చేరాకే ఇంట్లో దాని గొంతు మళ్ళీ విన్నాం. ఆ జట్టు పోతే ఆ గొంతు కూడా పోతుందని నా భయం. దానికి కూడా అదే భయమేమో, పైకి అనలేదు.

"మీ తాతయ్య ఉంటే నేర్పేవారే," అన్నాను.

"తాతయ్య తుపాకులు పట్టాడా అమ్మమ్మా?"

"తుపాకులు కాదు, లీవర్లు."

మా ఆయన పేరు యెషయా. రైల్వే కేబిన్‌లో బండ్లకు పట్టాలు మార్చే లీవర్లు లాగే పని. మాది బాపట్ల దగ్గర పల్లె. పెళ్ళి చేసుకుని సికింద్రాబాద్ తీసుకొచ్చారు. స్టేషన్ మాస్టరు ఫోనులో ఫలానా బండికి ఫలానా లైను అని చెప్తే, ఈయన ఆ మాటను అలాగే తిరిగి చెప్పాలి. విని అవతలివారు సరే అనాలి. అప్పుడు లీవరు మీద చెయ్యి వెయ్యాలి. ఆ అలవాటు ఆయన ఇంటికి కూడా తెచ్చేశారు.

కాపురానికొచ్చిన కొత్తలో, "ఏమండీ, అరకిలో ఉల్లిపాయలు, చింతపండు, కిరసనాయిలు," అన్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, మొహంలో నవ్వు లేకుండా, "అరకిలో ఉల్లిపాయలు, చింతపండు, కిరసనాయిలు," అన్నారు. అని కదలకుండా నా వైపు చూస్తున్నారు. మర్నాడూ అంతే. నా పల్లెటూరి యాసను వెక్కిరిస్తున్నారనుకుని పక్క క్వార్టర్లో వీరరాఘవమ్మగారి దగ్గర ఏడ్చాను. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

"వెక్కిరింపు కాదమ్మాయ్. మీ ఆయన ఇంకా డ్యూటీ దిగలేదు. సరే అను, కదులుతాడు."

మర్నాడు సరే అన్నాను. నిజంగానే కదిలారు!

నాకు చదువు లేదు, చీటీ రాసివ్వలేను. మా సంసారమంతా అలా చెప్పుకుని, తిరిగి చెప్పుకుని నడిచింది. ఆయన నోట నా మాట తప్పిపోయింది లేదు. ఒక్కోసారి అల్లరి కూడా చేసేవారు. "కృపా, చేపల పులుసు బ్రహ్మాండంగా ఉంది. తిరిగి చెప్పు," అనేవారు. "నా పులుసు బాగుందని నేనే చెప్పుకోనా?" అంటే, "మాట అందిందో లేదో నాకెలా తెలుస్తుంది మరి?" అని కంచం ముందు నుంచి లేచేవారు కాదు. చివరికి సిగ్గుపడుతూ చెప్పేదాన్ని. ఇప్పుడు పులుసు కాచినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

ఆఖరు రోజుల్లో ఆయన మొహానికి ఆక్సిజన్ పెట్టారు. మాట లేదు. నేను మంచం పక్కన కూర్చుని ఇంటి సంగతులు చెప్పేదాన్ని. ప్రిసిల్లా వచ్చి వెళ్ళింది, మేబెల్ పరీక్ష బాగా రాసింది, పాలవాడు రాలేదు. ఒక్కో మాటకీ ఆయన నా చెయ్యి నొక్కేవారు. అదే తిరిగి చెప్పడం. ఒక మధ్యాహ్నం, వాన వచ్చేలా ఉంది, మేడ మీద బట్టలు తీయమని చెప్పి వచ్చాను అన్నాను. చెయ్యి నొక్కలేదు. మళ్ళీ చెప్పాను. అందలేదని నాకు తెలిసిపోయింది. నర్సు తర్వాత వచ్చింది.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ తిరిగి చెప్పరు. ప్రిసిల్లాకి ఏది చెప్పినా "సరే అమ్మా, సరే సరే" అంటుంది. చెప్పిన వాటిలో సగం ఇంటికి రావు.

ఈ సంగతంతా విని మేబెల్ కంచం పక్కకు జరిపింది. తర్వాత, "మనం ప్రయత్నిద్దామా?" అంది.

మర్నాడు వెడల్పాటి పళ్ళెంలో బియ్యం పరిచాను. బోర్లించిన గ్లాసు కొండ. వెల్లుల్లిపాయ గోడౌను. గరిటె గోడ. చింతగింజలు శత్రువులు. అది తన గదిలో తలుపేసుకుని, ఆట తెరచి, ఫోనులో నాకు చెప్పాలి. చెప్పినట్టు నేను పళ్ళెంలో పెట్టాలి.

"అమ్మమ్మా, గోడౌను పక్కన ఇద్దరు."

"ఏ పక్క?"

"ఎడమ పక్క."

పెట్టాను. అది తలుపు తీసుకుని వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "అటు కాదు, ఇటు!"

"ఎడమ అన్నావుగా?"

"నా ఎడమ!"

"నీ ఎడమ నాకేం తెలుసే? మధ్యన తలుపుంది."

అది పళ్ళెం ముందే చతికిలబడి ఆలోచించింది. ఉన్నట్టుండి లేచి గదిలోకి పరిగెత్తింది. "అమ్మమ్మా, తెర పైన దిక్కులు ఉంటాయి! తూర్పు అందరికీ ఒకటే. ఇన్నాళ్ళూ చూడనే లేదు నేను!" అని లోపల్నుంచే అరిచింది. పొద్దున్నే ఎండ వచ్చే కిటికీ వైపు పళ్ళేనికి తూర్పు పెట్టుకున్నాం. ఆ తర్వాత గింజలు చాలావరకు సరైన చోట పడ్డాయి.

రెండో తగువు నాతోనే వచ్చింది. మా ఆయన పద్ధతి అంతా ఉన్నదున్నట్టు చెయ్యాలని నా పట్టు. "ముందు పేరు పిలువు. చెప్పు అనేదాకా ఆగు. అప్పుడు మాట చెప్పు. వాడు తిరిగి చెప్పాలి. విని నువ్వు సరే అనాలి."

"అంతసేపటికి వాళ్ళొచ్చి మమ్మల్ని కాల్చి, పూడ్చి, ప్రార్థన కూడా చేసేస్తారు అమ్మమ్మా!"

"మీ తాతయ్య జీవితమంతా అలాగే చేశారు."

"తాతయ్య మీద ఎవరూ కాల్పులు జరపలేదుగా!"

అదీ నిజమే. నవ్వొచ్చింది నాకు. రెండు రోజులు కత్తిరించి కత్తిరించి, చివరికి అదే కుదించుకుంది. ఎవరికి చెప్తోందో వాళ్ళ పేరు, తన పేరు, దిక్కు, చోటు, ఎంతమంది. అంతే. అని మీట వదిలెయ్యాలి. ఆ వదలడమే దానికి కష్టమైంది. చెప్పాల్సింది చెప్పాక కూడా, "అదే, అటు, చూశావా, జాగ్రత్త" అని తోకలు తగిలించేది. తోక వచ్చినప్పుడల్లా నేను గరిటెతో పళ్ళెం అంచు మీద కొట్టేదాన్ని.

జట్టువాళ్ళకీ చెప్పింది, విన్నవాళ్ళు తిరిగి చెప్పాలని. "ఏందీ, ఇస్కూల్ల ఎక్కాల లెక్కనా?" అన్నాడు నాగసాయి. చివరికి ఒక్క మ్యాచ్‌కి ఒప్పుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ప్రిసిల్లా డ్యూటీకి వెళ్ళింది. నేను మేబెల్ వెనక మంచం మీద కూర్చున్నాను, కదలనని, నోరెత్తనని మాటిచ్చి. నాకోసం స్పీకరు గట్టిగా పెట్టింది.

"నాగసాయి, మేబెల్. ఉత్తరం, గోడౌను, ఇద్దరు."

మీట వదిలింది. గదిలో ఫ్యాను చప్పుడు.

"ఉత్తరం, గోడౌను, ఇద్దరు," అన్నాడు నాగసాయి. ఠపఠపమని చప్పుళ్ళు. "అయిపోయిన్రు ఇద్దరు!"

మేబెల్ భుజాలు దిగాయి. నాకు తెలియకుండానే నా పెదాలు కదులుతున్నాయి, మాట పోయి మాట వస్తుంటే. యాభై ఏళ్ళ కిందటి మా గుమ్మం కళ్ళ ముందుకొచ్చింది.

ఆట బిగిసింది. అటు ఇద్దరు మిగిలారు. ఇటు ముగ్గురు, నాగసాయి, జెరెమియా, కొండ మీద మా పిల్ల. జెరెమియా మా చర్చిలో గిటారు వాయించే అబ్బాయి. అతను తూర్పు గోడ దగ్గర కాపలా. శత్రువు ఒకడు ఆ గోడ వెంట పాక్కుంటూ వస్తున్నాడు. నాక్కూడా కనపడింది తెర మీద.

"జెరెమియా, మేబెల్. తూర్పు, గోడ, ఒకడు."

ఏమీ రాలేదు.

"నేను గేటు మీదికి పోతున్న," అన్నాడు నాగసాయి. "తూర్పు దిక్కు జెరెమియా ఉన్నడు, ఫికర్ లేదు."

"జెరెమియా, మేబెల్. తూర్పు, గోడ, ఒకడు."

ఏమీ లేదు. జెరెమియా బొమ్మ అటు తిరిగి నిలబడే ఉంది. మనిషి ఉన్నాడు. మాట అందలేదు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నట్టే ఉంది నాకు. చెప్పాలనిపించింది గానీ మాటిచ్చాను కదా, పంటి బిగువున కూర్చున్నాను.

పాత మేబెల్ అయితే ఈపాటికి అరిచేది. ఇది ఒక్క ఊపిరి తీసుకుంది.

"నాగసాయి, మేబెల్. ఆగు. జెరెమియాకి అందలేదు. తూర్పు, గోడ, ఒకడు."

మీట వదిలేసింది. ఆ వేలు మీట మీదికి మళ్ళీ పోలేదు.

"ఆగిన," అన్నాడు నాగసాయి. "జెరెమియాకి అందలే. తూర్పు, గోడ, ఒకడు."

నాగసాయి బొమ్మ తూర్పుకి తిరిగింది, ఠప్పుమని ఒక చప్పుడు. గోడ దగ్గరవాడు పడిపోయాడు. ఇక మిగిలినవాడు గేటు వెనక ఉన్నాడు. మేబెల్ చెప్పింది, నాగసాయి తిరిగి చెప్పాడు, అది కూడా అయిపోయింది. గెలిచారు. స్పీకరు పగిలిపోయేలా అరిచారు పిల్లలు. నేనూ అరిచాను, దేవుడు క్షమించాలి, తుపాకుల ఆటకి.

ఈలోగా మేబెల్ ఫోను మోగింది. జెరెమియా. "హెడ్‌ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది, ఏమీ వినపడలేదు. మనోళ్ళు ఎగురుతున్నారేంటి? గెలిచామా?"

"నీ పుణ్యం లేకుండానే!" అంది మేబెల్.

నాగసాయి గొంతు సవరించుకున్నాడు. "మేబెల్, నాగసాయి. వచ్చే ఐతారం, రెండు గంటలకు, నువ్వే కొండ మీద."

మేబెల్ వెనక్కి తిరిగి నన్ను చూసింది. కళ్ళల్లో నీళ్ళు. తర్వాత మీట నొక్కి, హాజరు కూడా పలకలేని ఆ పిల్ల, పక్కింటికి వినపడేంత గట్టిగా చెప్పింది.

"వచ్చే ఆదివారం, రెండు గంటలకు, నేనే కొండ మీద."

సాయంత్రం అది బయటకి బయల్దేరింది. నేను వంటింట్లోంచే, "మేబెలూ, వచ్చేటప్పుడు కొత్తిమీర, పెరుగు, మీ అమ్మకి తలనొప్పి మాత్రలు," అన్నాను.

"కొత్తిమీర, పెరుగు, అమ్మకి తలనొప్పి మాత్రలు."

తలుపు చప్పుడు వినపడలేదు. ఇంకా వెళ్ళలేదేంటని వచ్చి చూశాను. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తోంది. ఎందుకు నిలబడిందో నాకు చప్పున అర్థం కాలేదు. ఆ నిలబడటం చూసి ఎన్నాళ్ళయిందో.

"సరే," అన్నాను.

అప్పుడు కదిలింది.

దేవకృప
వయసు డెబ్బై
మెట్టుగూడ, సికింద్రాబాద్