కుడిసుడి గిన్నెలు

గిన్నె మొహం చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు మహా చిరాకు. మొహానిదేముంది, పూత పూస్తే ఏదైనా మెరుస్తుంది. బోర్లించి అడుగు చూడండి, అక్కడ ఒట్టి మన్ను కనిపిస్తుంది. హాగీ ఊరి గిన్నె అయితే అడుగుపీటకి ఓ గాటు ఉంటుంది, మన్ను మెత్తన. బిజెన్‌ది అయితే అసలు పూతే ఉండదు, పైనా కిందా నిప్పు నాకిన మరకలే. మా ఊరి కరాత్సు గిన్నెకి అడుగున కత్తి తగిలినచోట మన్ను ముడతలు పడి ఉంటుంది, ఇసుక వేలికి గరగరా తగులుతుంది. ఇక ఆ తెల్లవి, నీలిపూలవి, లోకమంతా ఇమారీ ఇమారీ అని నెత్తిన పెట్టుకునేవి ఉన్నాయే, వాటిని చేసింది అరితాలో. ఇమారీ వాటిని ఓడెక్కించిన రేవు, అంతే. చేసిన ఊరు పేరు పోయి రేవు పేరు నిలబడింది. చిన్నప్పుడు ఈ సంగతి విన్న రోజునే నాకు ఒళ్ళు మండిపోయింది.

మాది యజాఎమోన్ వారి ఇల్లు, తరతరాలుగా మట్టిపని. ఇంటిపెద్ద ఎవరైతే ఆ పేరు వాడిదే. నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న యజాఎమోన్, ఆయన పోయాక మా తమ్ముడు కునిమిచి యజాఎమోన్. నేను వాడి అక్కని, చిజురుని. ఆడదానికి ఆ పేరు రాదు. రాలేదని నేను ఏడ్చిందీ లేదు.

మా ఊరి కుంచి పండగ పొద్దున్నే ఒగాతా గారు వచ్చారు. పాత గిన్నెల్ని చూసి ఎక్కడివో, ఎవరివో చెప్పడం ఆయన పని. నాన్న పేరున ఊళ్ళో ప్రదర్శన పెడుతున్నారు, దానికి ఏవి పెట్టాలో ఎంచడానికి వచ్చారు. తమ్ముడు అటక మీంచి మూడు చెక్కపెట్టెలు దింపాడు. మూతల మీద నాన్న చేతిరాత, నల్లగా, దిట్టంగా: యజాఎమోన్. లోపల మూడు టీ గిన్నెలు. ఒగాతా గారు ఒక్కోటీ బోర్లించి వెలుగులోకి పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"కునిమిచి గారూ, ఇవి మీ ఇంటివి కావండీ."

"అదేమిటండీ? పెట్టె మీద నాన్నగారి రాతే కదా!"

"పెట్టె ఆయనదే. లోపలి గిన్నెలు కావు. మీ ఇంట్లో కుమ్మరిసారెని కాలితో ముందుకి తన్నుతారు, అది ఎడమకి తిరుగుతుంది, అడుగున సుడి కూడా ఎడమకే పడుతుంది. ఇవి చూడండి, మూడూ కుడిసుడి. ఇది మినో చెయ్యి. ఎవరో పెట్టెల్లో గిన్నెలు మార్చేశారు. నకిలీవి."

ఒగాతా గారు చెడ్డవారు కాదు, కళ్ళు లేనివారు అంతకన్నా కాదు. ఆయన చూసింది అక్షరాలా నిజం. నిజంగానే అది మినో చెయ్యి, మా అమ్మ మిసావోది. అమ్మ మినో నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది.

అప్పుడే నోరు తెరవబోయాను. తమ్ముడు నా వైపు ఒక చూపు చూశాడు. ఒగాతా గారు బండ్ల ఊరేగింపు చూసి మధ్యాహ్నం విందుకి వస్తానని చెప్పి వెళ్ళారు. ఆయన గడప దాటారో లేదో, మావాడు మూడు గిన్నెలూ గుడ్డలో చుట్టి పెరటి తలుపు తీశాడు.

"ఎక్కడికిరా?"

"వెనక్కి."

మా ఇంట్లో 'వెనక్కి' అంటే ఒకటే అర్థం. గిన్నెలు కాల్చే ఆవం వెనక పెంకుల గుట్ట ఉంది. పగిలినవీ, వంకరపోయినవీ, ఇంటి పేరు పెట్టడానికి పనికిరానివీ అక్కడ బద్దలుకొట్టి పారేస్తాం. తాతల నాటి నుంచి అంతే.

తలుపుకి అడ్డం నిలబడ్డాను. "అవి అమ్మవని నీకు తెలుసురా!"

"తెలుసు కాబట్టే. అమ్మవని చెప్పామా, మూత మీద నాన్న రాసింది అబద్ధమవుతుంది. ఇవాళ ఈ పెట్టెలు, రేపు ఊళ్ళోవాళ్ళ దగ్గరున్న నాన్న పెట్టెలన్నిటి మీదా అనుమానమే. నకిలీవని ఆయనే అన్నారు కదా, పగలగొట్టేస్తే పీడా పోతుంది. నీకు దణ్ణం పెడతానక్కా, పండగపూట రభస చెయ్యకు."

"పండగపూట అమ్మని తీసుకెళ్ళి గుట్టలో పారెయ్యొచ్చా? ఇలా తే!"

"అక్కా, పడిపోతాయి!"

"పడనీ! నువ్వు పగలగొడితే తప్పు లేదు గానీ నేను పడేస్తే వచ్చిందా?"

మూట లాక్కున్నాను. అమ్మ పోయాక, ఆవిడ చేసినవాటిలో మిగిలినవి ఈ మూడే. ఇవి కూడా పోతే ఆవిడ ఈ ఇంట్లో అన్నం వండింది తప్ప ఇంకేమీ చెయ్యలేదనే అనుకుంటారు. అలా అనుకోనివ్వను. చస్తే అనుకోనివ్వను.

మా మగవాళ్ళు సారెని ముందుకి తన్నితే, అమ్మ పాదంతో తనవైపు లాక్కునేది. వాళ్ళ ఊళ్ళో సారె కుడికే తిరుగుతుంది, ఆవిడకి చేతులు అలాగే అలవాటు. "కోడలూ తిరకాసుదే, కోడలి సారే తిరకాసుదే" అని నానమ్మ దెప్పేది. ఆవం రాజేసిన రోజుల్లో అమ్మని ఆ చాయలకి రానిచ్చేది కాదు. ఆడగాలి తగిలితే మంట పాడవుతుందట! మంటకి అంత నాజూకు ఎక్కడిదో మరి. అలాంటిది, నాన్నకి భుజం పడిపోయి చెయ్యి లేవనప్పుడు, వెనకగదిలో తలుపేసుకుని సారె ముందు కూచున్నది అమ్మే. అప్పుడు మాత్రం నానమ్మకి తిరకాసేమీ కనబడలేదు. గిన్నెలు కాలి వచ్చాక నాన్న ఎడమచేత్తో కుడిచేతిని ఆనించుకుని మూతల మీద తన పేరు రాసుకున్నాడు. ఆయన పక్కన మోకాళ్ళ మీద కూచుని సిరా నూరింది అమ్మే. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

"నీకు కోపం రాదా అమ్మా?" అని అడిగాను.

"మూత ఆయనది, అడుగు నాది," అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. కుంచి పండగనాడు మా ఊళ్ళో ఎవరూ తలుపు మూయరు, తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ వచ్చి తినిపోతారు. బల్ల మధ్యన అరా చేప, తల నుంచి తోక దాకా ఉడికించి పెట్టింది. వీధిలో బండ్లు లాగేవాళ్ళ కేకలు, "ఎన్యా! ఎన్యా!" అని. ఒగాతా గారు పెద్దపీట మీద కూచుని చేప బుగ్గ తింటున్నారు. తమ్ముడు బియ్యపు సారా, సాకే, పోస్తూ నా కోసం వెతుక్కుంటున్నాడు, నేను వంటింట్లో ఉన్నాను.

"వదినా, ఆ గిన్నెలెందుకు తీశారు? ఆయన చూస్తే చంపేస్తారు!" అంది మరదలు రుమి.

"చూడాలనే తీశాను. జరుగు."

మూడు గిన్నెల్లోనూ టీ కలిపి పట్టుకెళ్ళాను. ఒకటి ఒగాతా గారి ముందు, తక్కినవి పక్కింటివాళ్ళ ముందు పెట్టాను. తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఒగాతా గారు గిన్నె ఎత్తుతూనే పోల్చుకున్నారు. "చిజురు గారూ, ఇవి పొద్దున చూసినవే కదా. నకిలీవని చెప్పానే!"

"చెప్పారు. టీ బాగుందా?"

"టీ బాగుంది. గిన్నె కూడా చేతిలో చక్కగా కూచుంది, కాదనను. కానీ మీ ఇంటిది కాదు."

"కుడిసుడి ఉన్నది ఏదీ మా ఇంటిది కాదంటారు."

"కాదనే అంటాను. ఇందులో మొహమాటం లేదు."

"నాకూ లేదు," అని లేచాను. గోడ పక్కన పీఠం మీద తమ్ముడి పెద్ద గిన్నె ఉంది. ఈ వసంతంలో బహుమతి వచ్చింది దానికి. పండగ కదాని రుమి అందులో నీళ్ళు పోసి చేమంతులు అమర్చింది. చేమంతులు తీసి రుమి చేతిలో పెట్టాను. నీళ్ళు కిటికీలోంచి పారబోశాను. "అక్కా, వద్దు," అన్నాడు తమ్ముడు. గిన్నె తెచ్చి ఒగాతా గారి ముందు, చేప పక్కనే, బోర్లించాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగారు. తినేవాళ్ళు తినడం ఆపేశారు.

"కుడిసుడి," అన్నారు నెమ్మదిగా.

"మరి ఇదీ నకిలీదేనా? దీన్ని కూడా గుట్టలో పారేద్దామా? చెప్పరా కునీ, నువ్వే చెప్పు. దీని సారె ఎవరు తిప్పారు?"

వాడు తల వంచుకున్నాడు. వాడి మీద జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. కానీ జాలి వేసిందని వదిలేస్తే ఇన్నాళ్ళూ జరిగిందే జరుగుతుంది.

"అక్క," అన్నాడు చివరికి.

"పూత వాడిదే, నిప్పు వాడిదే," అన్నాను అందరికీ వినపడేట్టు. "ఆ రెంటిలో వాడికి వంక పెట్టలేరు. సారె మాత్రం నాది. నేను తన్నను, లాగుతాను. నాకు నేర్పింది మా అమ్మ మిసావో. మీరు తాగుతున్న గిన్నెలు ఈ ఇంట్లో కూచుని, ఈ మన్నుతో ఆవిడ చేసినవి. ఒగాతా గారూ, చెయ్యి మినోదని ఇట్టే పట్టేశారు. మన్ను ఎక్కడిదో చూడలేదా?"

"చూశానమ్మా. మన్ను ఇక్కడిదే. మినోవాళ్ళు ఇక్కడి మన్ను బండికెత్తించుకు పోయి చేశారనుకున్నాను."

"మన్ను అంత దూరం ప్రయాణం చేస్తుందని తట్టింది గానీ, ఓ ఆడపిల్ల అంత దూరం నుంచి కాపురానికి వచ్చి ఉంటుందని తట్టలేదా!"

పక్కింటి ముసలాయన ఫక్కున నవ్వాడు. ఒగాతా గారు నవ్వలేదు. గిన్నెలో మిగిలిన టీ తాగేసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ బోర్లించి ఆ సుడి మీద వేలు పెట్టి తిప్పారు.

"తట్టలేదు. సగమే చదివాను," అన్నారు. "ఇవి ప్రదర్శనలో ఉండాలి. అయితే మూత మీద ఒక పేరు, కింద ఇంకొకరి చెయ్యి అంటే నేను పెట్టలేను. ఏం చేద్దామంటారు?"

"మూత చిత్రిక పట్టించి నాన్న పేరు చెరిపించాలా?" అన్నాడు తమ్ముడు.

"ఎందుకు చెరపడం? ఆయన అలా రాసుకున్నాడని కూడా తెలియనీ. ఆ పేరు పక్కనే, అంత పెద్దగానే, అమ్మ పేరు రాస్తాను. మూతలు పట్రా."

తెచ్చాడు. కుంచె తెచ్చాడు, సిరారాయి తెచ్చాడు. తెచ్చి నా ముందు పెట్టి నిలబడ్డాడు.

"నిలబడ్డావేం? కూచో. సిరా నూరు."

వచ్చినవాళ్ళందరి ముందూ ఇంటిపెద్ద యజాఎమోన్ నా పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు. సరిగ్గా అమ్మ కూచున్నట్టే కూచున్నాడు. రాతి మీద నీళ్ళు చిలకరించి నూరడం మొదలుపెట్టాడు. నేను కుంచె ముంచి నాన్న పేరు పక్కన 'మిసావో' అని రాశాను. మొదటి మూత మీద అక్షరాలు కాస్త వంకరపోయాయి, రెండోదాని మీద తిన్నగా కుదిరాయి.

మూడోది కూడా రాసి కుంచె కింద పెట్టాను. తమ్ముడు ఇంకా నూరుతూనే ఉన్నాడు.

"అక్కా, ఇంక చాలా?" అన్నాడు తల ఎత్తకుండా.

"చాలదు," అన్నాను. "ఆ పెద్దగిన్నె పెట్టె కూడా పట్రా."