బయటివాళ్ల జాగ్రత్త

చొక్కా నానబెట్టే ముందు జేబులు తడమడం ఆమెకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది. చిల్లర, దువ్వెన, నూనె మరకల చేతిరుమాలు, కండోమ్ ప్యాకెట్లు. అన్నీ తీసి కిటికీ గట్టు మీద పెట్టడం, చొక్కా ఆరాక ఎక్కడివక్కడ సర్దడం ఆమె పనే. ఇంటిపనంటే అంట్లూ చీపురూ అనుకునేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు.

భర్త మగవాళ్ల మసాజ్ పార్లర్‌లో పనిచేస్తాడు. తలుపు మూసుకున్నాక అక్కడ మసాజ్ ఒక్కటే జరగదనీ, వచ్చిన మగవాళ్లతో పడుకోవడం కూడా అతని పనేననీ ఆమెకు తెలుసు. ఒకసారి జ్వరంతో పడుకున్నప్పుడు గోడవైపు తిరిగి అతనే చెప్పాడు. ఆమె ఏడ్చింది, ఏడ్చి లేచి వంట చేసింది. అత్తగారికీ తెలుసు గానీ, తెలియనట్టు ఉండటంలో ఆవిడను మించినవాళ్లు లేరు. "వాడు ఒళ్లు హూనం చేసుకుంటుంటే మనం కూర్చుని తింటున్నాం" అంటుంది, పొద్దున లేచింది మొదలు నడుం వాల్చని కోడలితో.

పనిలో అతను మహా జాగ్రత్తపరుడు. కండోమ్ వద్దన్నవాడు ఎంత పెద్దమనిషైనా సరే, బయటికి దారి చూపించేస్తాడు. ఆ జాగ్రత్త మాత్రం గడప దాటి లోపలికి రాదు. అతని పని సంగతి తెలిసిన కొత్తలో ఒకసారి ఆమె అడిగితే చిన్నబుచ్చుకున్నాడు. "అవి బయటివాళ్లకే. నువ్వూ వాళ్లూ ఒకటేనా నాకు?" ఆ మాటకు ఆమె పొంగిపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, ఆ రోజు నిజంగానే పొంగిపోయింది. అంతమందిలో తననొక్కదాన్నే పీట వేసి కూర్చోబెట్టాడనుకుంది.

ఆ పీట మీదే జబ్బు వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, మంట, దుర్వాసన. "నా కొడుక్కి లేనిది నీకెక్కణ్ణించి వచ్చిందే? శుభ్రం తెలియకపోతే ఇంతే" అంది అత్తగారు, పక్కింటికి వినిపించేలా. ఆసుపత్రిలో నర్సు మాత్రం గొంతు తగ్గించి చెప్పింది. "ఇది మీ శుభ్రం సంగతి కాదమ్మా. మగవాళ్లకు ఉన్నా ఒక్కోసారి పైకి తెలియదు. ఆయన్నీ తీసుకురండి. ఇద్దరూ మందు వాడకపోతే చిల్లుపడవలో నీళ్లు తోడినట్టే. ముదిరితే పిల్లలు పుట్టడం కష్టమవుతుంది."

ఆమె వాడింది. అతను రాలేదు. "గుండ్రాయిలా ఉన్నాను, నాకెందుకు మందు" అన్నాడు. తగ్గింది మళ్లీ వచ్చింది. ఈసారి నర్సు అతని వంతు మందు కూడా ఇచ్చి పంపింది.

మధ్యాహ్నం అతను నిద్ర లేచేసరికి ఆమె ఆ మాత్రలు, మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టింది.

"నేనెంత జాగ్రత్తగా ఉంటానో నీకు తెలియదా?" అన్నాడు అతను విసుగ్గా.

"అందరితోనా?"

అతను చొక్కా గుండీలు పెట్టుకోవడంలో పడ్డాడు. ఒకటి తప్పు కాజాలోకి పోయింది.

"ఒకాయన ఉన్నాడు. ఎప్పటినుంచో వస్తాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు కదా, ఆయనే. మంచివాడు. ఆయన బయటివాడేం కాదు."

ఆమెకు గుర్తొచ్చాడు. టీ ఇస్తే, చక్కెర సరిగ్గా సరిపోయిందని మెచ్చుకున్న మనిషి. ముందు అసూయ పుట్టింది, అబద్ధమెందుకు. తన పీట మీద ఇంకొకరున్నారన్న అసూయ. ఆ వెంటనే భయం వేసింది. మంచివాడని, మనవాడని నమ్మిన చోటల్లా ఇతను జాగ్రత్త వదిలేశాడు. ప్రేమగా చూసినవాళ్లకే ఇతని వల్ల ముప్పు. మాత్రలు అతని దగ్గరకు జరిపింది.

"ఆయనకూ చెప్పు, పరీక్ష చేయించుకోమని. నువ్వీ మందు నా ముందు వేసుకో. నర్సు సరేననేదాకా నా పక్కకు రాకు."

"ఆ తర్వాత?"

పక్కగదిలో అత్తగారి దగ్గు ఆగింది. ఆమె గొంతు తగ్గించలేదు. కిటికీ గట్టు మీది కండోమ్ ప్యాకెట్లలో సగం అతని జేబులో పెట్టి, మిగతావి తన దిండు కింద సర్దింది.

"ఆ తర్వాత కూడా నేను బయటిదాన్నే. వాళ్లకిచ్చే మర్యాద నాకూ ఇవ్వు, చాలు."