చుక్కికి తిండి పెట్టే చెయ్యి

సకల జనుల సమ్మెలో బస్సులు డిపోలు దాటకుండా ఆగిపోయాక, హయత్‌నగర్ డిపోలో డ్రైవరుగా చేసే తిరుపతికి తన ఇంట్లో ఒక బల్లి పెరుగుతోందని తెలిసింది.

ఇల్లు కర్మన్‌ఘాట్‌లో. కింద రెండు గదుల్లో తిరుపతి, అతని భార్య సైదమ్మ, ఇంటర్ చదివే కూతురు జ్యోతిక ఉంటారు. మీది పోర్షన్ కిరాయికిచ్చారు. ఏండ్ల తరబడి తిరుపతి తెల్లారకముందే డ్యూటీకి పోయి, బిడ్డ పడుకున్నాక ఇల్లు చేరేవాడు. సమ్మె మొదలైన రోజు తోటి డ్రైవర్లంతా జీతం సంగతి మాట్లాడుకుంటుంటే, అతను మాత్రం లోపల్లోపల ఇంకోటి అనుకున్నాడు. జ్యోతికకు కూడా కాలేజీ బంద్. ఇన్నేండ్లకు బిడ్డతో కూసోని తినొచ్చు, దాని ముచ్చట్లు వినొచ్చు.

మర్నాడు పొద్దున కిటికీ కింద గుడ్డ కప్పి ఉన్న గాజు పెట్టె కనిపించింది. చేపల తొట్టేమో అనుకుని గుడ్డ తీశాడు. పసుపుపచ్చ ఒంటి మీద నల్లని చుక్కలు, లావాటి తోక. రెప్పలార్పుతూ అతన్నే చూస్తోంది.

"గిదేంది?" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

"చుక్కి" అంది జ్యోతిక, గుడ్డ అందుకుంటూ. "బల్లి జాతే గానీ గోడలెక్కే బల్లి కాదు నాయినా. లెపర్డ్ గెక్కో అంటరు. పైన తాత ఇచ్చిండు, ఉగాదికి ముందే."

ఉగాది పోయి ఆర్నెల్లు కావొస్తోంది. తిరుపతి వంటింటి వైపు తిరిగి, "నీకు ఎరికేనా?" అని సైదమ్మను అడిగాడు.

"ఎరికే. నీకు చెప్తే పంచాంగం తీసి బల్లి శాస్త్రం చదువుతవని చెప్పలే" అంది సైదమ్మ బియ్యం కడుగుతూ.

పైన తాత అంటే కిరాయికుండే పట్టాభి. గుడివాడ వైపు మనిషి. కోళ్ళదాణా తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మక్కలెంత, పిండిచెక్క ఎంత, సున్నం ఎంత అని కోళ్ళ తిండి కొలతలు చూడడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఇప్పుడు ఒక్కడే ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న గెక్కోల జంటను పెంచుకుంటున్నాడు. చుక్కి వాటి పిల్ల.

బిడ్డకిష్టమైన దాని గురించి తెలుసుకుందామని తిరుపతి పెట్టె పక్కన కూర్చున్నాడు. జ్యోతిక సంబరంగా చెప్పింది. "దీనికి అన్నం, ఆకులు, పండ్లు పనికిరావు. బతికున్న పురుగులే తింటది. ఉత్త పురుగు పెడితే మాత్రం బలం రాదు. ముందుగాల మనం పురుగులకి క్యారెట్, ఆకుకూర మంచిగ మేపాలె. పురుగు కడుపు నిండితేనే చుక్కి కడుపు నిండినట్టు అని తాత చెప్పిండు. పెట్టేముందు క్యాల్షియం పొడిల దొర్లియ్యాలె. లేకుంటే ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతయంట. దాని రెండు కండ్ల నడుమ ఎంత జాగా ఉంటదో, పురుగు అంతకన్న పెద్దగ ఉండొద్దు. తాత చెప్పిండు."

తిరుపతి తలూపుతూ విన్నాడు. పురుగుల సంగతి సగమే ఎక్కింది గానీ, తాత చెప్పిండన్న మాట మాత్రం ప్రతిసారీ ఎక్కడో గుచ్చుకుంది. ఈ పిల్ల నోట ఎన్నడైనా నాయిన చెప్పిండు అనే మాట వచ్చిందా? తను దీనికి ఏం చెప్పాడని? ఫీజు కట్టినవా, తిన్నవా, పడుకున్నవా. అంతే.

సాయంత్రం కాగానే జ్యోతిక పురుగుల డబ్బా పట్టుకుని మేడ మీదికి పోయింది. గెక్కోలు పొద్దుగూకేటప్పుడే తింటాయట. కాసేపటికి మెట్ల మీదుగా నవ్వులు వినిపించాయి. ఒకటి ముసలి నవ్వు, ఒకటి తన బిడ్డది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వుతుందని తిరుపతికి తెలియదు.

రోజూ పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటు దగ్గరికి పోయేవాడు. అక్కడ నీళ్ళ గురించి, నౌకర్ల గురించి మాట్లాడుతుండేవారు. అవి తనకు తెలిసిన కష్టాలే. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగిన మనుషులు తన చుట్టాల్లోనే ఉన్నారు. అయితే ఈమధ్య ఎవరన్నా "మనది మనకు కాకుండ పోయింది" అనగానే అతనికి నీళ్ళు గుర్తుకు రావడంలేదు. మేడ మీది నవ్వు గుర్తొస్తోంది. అది తప్పని తెలుసు. తెలిసినా ఆగడంలేదు.

ఒకరోజు టెంటు నుంచి వచ్చీ రాగానే మెట్లెక్కి, "సార్, ఇల్లు ఖాళీ చెయ్యున్రి. దసరా పోయినంక మాకు కావాలె" అన్నాడు.

పట్టాభి క్యారెట్ తురుముతున్నాడు. చెయ్యి ఆపాడు. "మీ ఇల్లు, మీ ఇష్టం తిరుపతిగారూ. వెతుక్కుంటాను. ఒక్కటి చెప్పండి. ఇది ఉద్యమం వల్లా, నా వల్లా?"

తిరుపతి వెనక్కి తిరిగి మెట్లు దిగొచ్చాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పట్టాభి కూడా చెప్పినట్టు లేడు. జ్యోతిక ఎప్పటిలాగే పైకి పోయొచ్చింది.

సమ్మె ముదిరేకొద్దీ చుక్కి తిండికి ఇబ్బంది వచ్చిపడింది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి చుక్కి తినే కీచురాళ్ళు బెంగుళూరు వైపు నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చేవి. బస్సులు లేవు. పట్టాభి తవుడులో పెంచే పిండిపురుగులు ఒక్కటే మిగిలాయి.

"పెద్దవాటికి కొన్నాళ్ళు సరిపోతుందమ్మా" అని పట్టాభి మెట్ల మీద నిలబడి చెబుతుంటే తిరుపతి లోపలి నుంచి విన్నాడు. "చుక్కి ఎదిగే పిల్ల. రోజూ ఈ పురుగులే అంటే రోజూ నెయ్యన్నం ఒక్కటే పెట్టినట్టు. కొవ్వు పడుతుంది గానీ బలం రాదు. రకరకాలు ఉండాలి."

జ్యోతిక దిగులుగా లోపలికొచ్చింది. ఆమె ముఖం చూసి తిరుపతి లోపల ఒక ఆశ లేచింది. ముసలాయనతో కానిది తనతో అవుతుంది.

చద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం బండి తీసుకుని పెద్ద అంబర్‌పేట్ దాటి పోయాడు. హైవే దిగితే ఇంకా అక్కడక్కడ చేన్లున్నాయి. ఒక పత్తిచేను పక్కన బండి ఆపి, తువ్వాల విసిరి మిడతలు పట్టి సీసాలో వేశాడు. చిన్నప్పుడు పట్టిన చెయ్యే, మరిచిపోలేదు. ఎండలో చెమటలు కారుతున్నా హుషారుగా అనిపించింది. గట్టు మీద వంగినప్పుడు ముక్కుకు సన్నగా మందు వాసన తగిలింది. పత్తిచేన్ల నడుమ పెరిగినవాడు, ఆ వాసనేమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కొట్టి చానా రోజులైనట్టుంది అనుకున్నాడు. మందు చేనుకు కొడతరు గానీ గడ్డికి కొడతరా అనుకున్నాడు. సీసా మూత బిగించి బండెక్కాడు.

ఇంటి గేటు తీస్తుంటే పట్టాభి మేడ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సీసా వైపు చూశాడు. తిరుపతి వైపు చూశాడు. పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

సైదమ్మ, జ్యోతిక తంగేడు పూలకోసం బజారుకు పోయారు. తిరుపతి పెట్టె ముందు కూర్చున్నాడు. బిడ్డ వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు. వస్తే ఏం చేస్తుంది? తాతకు చూపిస్తనంటది. తాత చూసి, పెట్టు అంటేనే పెడుతుంది. అప్పుడు ఈ మిడతలు కూడా తాతవే అయిపోతాయి.

ఒక చిన్న మిడత కాళ్ళు పట్టుకుని లోపల పెట్టాడు. చుక్కి తల తిప్పింది. తోక కొస సన్నగా ఆడించింది. మెల్లగా నాలుగడుగులు వేసి, ఒక్క ఉదుటున అందుకుంది. ఆ ఉదుటుకు దాని మూతి అతని వేలికి తగిలింది. మెత్తగా, చల్లగా ఉంది. తిరుపతికి నవ్వొచ్చింది. ఇంకొకటి పెట్టాడు. ఇంకొకటి.

జ్యోతిక పూల సంచితో వచ్చేసరికి అతని ముఖం వెలిగిపోతోంది. "చుక్కి నా చేతిలకెల్లి తిన్నది బిడ్డా" అన్నాడు.

"నీ చేతిలకెల్లా?" జ్యోతిక పక్కన కూలబడింది. "నా చేతిల తినేతందుకు నెల పట్టింది." ఆ మాటలో కొంచెం చిన్నబుచ్చుకోవడం ఉంది. అదీ అతనికి తీపిగానే తోచింది. తర్వాత ఆమె సీసా చూసింది. "ఎక్కడియి? బయటి పురుగులు పెట్టొద్దని తాత..."

"అన్నీ ఆయనే చెప్పాల్నా? రైతు కొడుకును నేను. మంచి గడ్డిలయి."

జ్యోతిక సీసా తీసి గడప బయట పెట్టింది.

పొద్దు వాలకముందే చుక్కి వణకడం మొదలుపెట్టింది. కాళ్ళు పక్కలకు జారిపోయాయి. నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. జ్యోతిక దాన్ని గుడ్డలో పెట్టుకుని మెట్లెక్కి పరిగెత్తింది. తిరుపతి కింది మెట్టు మీదే నిలబడ్డాడు. పైనుంచి పట్టాభి గొంతు, "ఏం పెట్టారమ్మా? ఎక్కడ పట్టారు?" అని వినిపిస్తోంది. తన బిడ్డ గొంతు, "గడ్డిల పట్టిండంట" అంటోంది. ఆ పిల్ల ఇంకా తన మాటే నమ్ముతోంది. అది విన్నాక అతను కింద నిలబడలేకపోయాడు.

పైకి పోయి గుమ్మంలో నిలబడి, "పత్తిచేను గట్టు" అన్నాడు. "మందు వాసన వచ్చింది సార్. వచ్చినా పట్టిన."

జ్యోతిక తండ్రి ముఖంలోకి చూసింది.

పట్టాభి తనకు తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన చెప్పినట్టు పలచటి తడిగుడ్డతో చుక్కి ఒళ్ళంతా తుడిచి, ఒక చిన్న అట్టపెట్టెలో వెచ్చగా, చీకట్లో పెట్టారు. మూతి చివర ఒక్కో నీటి చుక్క తాకించారు. ఇంతకన్నా చేసేదేమీ లేదు, చూడాల్సిందే అన్నాడు డాక్టరు.

ముగ్గురూ పెట్టె చుట్టూ కూర్చున్నారు. పట్టాభి తలెత్తకుండానే, "మధ్యాహ్నం మీ చేతిలో సీసా చూశాను తిరుపతిగారూ" అన్నాడు. "మిడతలని తెలుసు. పొలంలోవని కూడా తెలుసు. గేటు దగ్గరే అడిగుంటే సరిపోయేది. అడగలేదు."

"ఎందుకు?"

"మీరు ఇంట్లో ఉంటున్నప్పటి నుంచి ఈ పిల్ల ఒక గంటకే కిందికెళ్ళిపోతోంది. నాయిన కూసున్నడు తాతా, పోవాలె అంటుంది. దానికితోడు మీరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఒకసారి మీ చేతిలో తప్పు జరిగితే పిల్లకు తెలిసొస్తుందిలే అనిపించింది. ఇంతవుతుందని అనుకోలేదు."

బిడ్డ తనకోసం తొందరగా దిగి వచ్చేదని తిరుపతికి అప్పటిదాకా తెలియదు. ఆమె పైకి పోయిన గంటే లెక్క పెట్టుకున్నాడు గానీ, కిందికి వచ్చింది ఎన్నడూ చూసుకోలేదు.

జ్యోతిక లేచి నిలబడింది. "ఇల్లు ఖాళీ చెయ్యమన్నవా?" అని తండ్రిని అడిగింది. అతను తల దించుకున్నాడు. "చుక్కికి ఏం కావాలెనో మీ ఇద్దరిల ఎవ్వరు చూడలే" అని, పెట్టె ఎత్తుకుని కిందికి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి ఆమె ఇద్దరితోనూ మాట్లాడలేదు. చద్దుల బతుకమ్మ నాడు వీధంతా పాటలు పాడుతుంటే కూడా బయటికి రాలేదు. సైదమ్మే పోయి ఆడి, సత్తుపిండి తెచ్చి బిడ్డకు తినిపించింది. "పెద్దోళ్ళు గింత జేసిన్రు" అని మొగుణ్ణి చూసి తల కొట్టుకుంది. దసరా మర్నాడు చుక్కి కాళ్ళు కూడదీసుకుని నీళ్ళ గిన్నె దాకా నడిచి నాలుక చాపింది. కొవ్వు దాచుకునే తోక సగానికి సన్నబడింది గానీ ప్రాణం నిలిచింది.

ఆ రోజే తిరుపతి ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక లారీ డ్రైవరును పట్టుకున్నాడు. బెంగుళూరు పోయొచ్చే మనిషి. అతన్ని బతిమిలాడి కీచురాళ్ళ డబ్బా ఒకటి తెప్పించాడు. డబ్బా చేతికి అందాక తిన్నగా ఇంట్లోకి తీసుకుపోలేదు. మెట్లెక్కి పట్టాభి ముందు పెట్టాడు.

"ఇవి మంచియేనా, జర చూడున్రి సార్. ఇల్లు గురించి అన్నమాట పట్టించుకోకున్రి."

పట్టాభి డబ్బా మూత తీసి చూశాడు. "బాగున్నాయి. ఒక రోజు క్యారెట్ మేపి పెడదాం" అన్నాడు. ఇద్దరూ కూర్చుని క్యారెట్ తురిమారు. మధ్యలో తిరుపతి, "తెలంగాణ మాత్రం రావాలె సార్" అన్నాడు. "వస్తే రానివ్వండి. నేనెక్కడికీ పోను" అన్నాడు పట్టాభి.

జ్యోతిక వచ్చి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసింది. పీట లాక్కుని కూర్చుని, "తురుము గింత పెద్దగ ఉంటే అవి తినలేవు" అంది. అలక తీరిందని కాదు. మాట కలిసిందంతే.

సమ్మె ముగిసి బస్సులు రోడ్డెక్కాక తిరుపతి డిపోలో అడిగి పొద్దటి షిఫ్టు వేయించుకున్నాడు. చుక్కి తినే వేళకు ఇల్లు చేరుతున్నాడు. అయినా డ్యూటీలో, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడల్లా, తను లేనప్పుడు మేడ మీద ఏం నవ్వుకుంటున్నారో అన్న ఆలోచన వస్తూనే ఉంది. పూర్తిగా పోలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం ముగ్గురూ చుక్కి పెట్టె చుట్టూ కూర్చున్నప్పుడు జ్యోతిక మొదటిసారి కీచురాయిని పట్టకారుతో పట్టి తండ్రి చేతికిచ్చింది. "పొడిల దొర్లిచ్చి పెట్టు. మెల్లగ" అంది. తిరుపతి పెట్టాడు. చుక్కి కాసేపు చూసి అందుకుంది. జ్యోతిక నవ్వింది. తిరుపతి తలెత్తితే ఎదురుగా పట్టాభి కనిపించాడు. ఆయన చూపు చుక్కి మీద లేదు, తిరుపతి చేతి మీద ఉంది. ఆ చూపు ఎట్లాంటిదో తిరుపతికి బాగా తెలుసు.

ఇంకొక కీచురాయిని పట్టి పొడిలో దొర్లించాడు. పట్టకారును పట్టాభి వైపు చాపబోయి ఆగాడు. జ్యోతిక తన భుజానికి ఆనుకుని ఉంది. ఆ కీచురాయిని కూడా తనే పెట్టి, మూడోదాన్ని అప్పుడు ముసలాయన చేతికిచ్చాడు.