పింజ చెవి

పెద్దకోడలి చేతి మీద ఆవిడ పెంపుడు కుక్క పింజ పళ్ళు దిగిన రోజు ఇల్లంతా అదిరిపోయింది. దిగినవి రెండు పళ్ళే, అదీ బొటనవేలి మీద. కానీ ఆవిడ పెట్టిన కేకలకు కింది వాటాలో ఉంటున్న తోడికోడలు చేతిలో గరిటెతో సహా మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వే! నువ్వే దాన్ని కొట్టి కొట్టి ఇలా తయారు చేశావ్!" అంది పెద్దావిడ, వేలు గట్టిగా అదిమి పట్టుకుని.

చిన్నకోడలు బిత్తరపోయింది. "నేనెందుకు కొడతానక్కా?"

"ఎందుకేమిటే? అది నా ఒళ్ళో కూచుంటే నీ కళ్ళు మండవూ?"

పింజ తండ్రిది పూడిల్ జాతి, తల్లిది ఒళ్ళో పట్టే ఇంకేదో చిన్న జాతి. తూకం వేస్తే నాలుగు కిలోలుండదు. ఒంటి నిండా రింగులు తిరిగిన తెల్లబొచ్చు, తెలివి మాత్రం మనిషికున్నంత. వీధి మలుపులో పెద్దావిడకో ఫొటో స్టూడియో ఉంది. అక్కడ కెమెరా పక్కన స్టూలెక్కి పింజ తల ఓరగా వంచిందంటే ఎంత పెంకి పిల్లైనా ఏడుపు మాని నవ్వాల్సిందే. ఆవిడ అసలే తుమ్ముల మనిషి. "దీని వెంట్రుక రాలదమ్మా" అని అమ్మినవాడు చెప్పిన ఒక్క మాటకే పడిపోయి కొనుక్కుంది. రాలనప్పుడు ఇక చేయాల్సిందేముంది? రోజూ మెత్తటి బ్రష్షుతో పైపైన ఉబ్బించడం, వారానికి రెండుసార్లు షాంపూ స్నానం. "నాలా చూసుకునేవాళ్ళు ఇంకెవరున్నారు?" అని ఊళ్ళో అందరినీ అడుగుతుంది, జవాబు కోసం ఆగకుండా.

ఆవిడ బయటి ఫొటోలకు వెళ్ళే రోజుల్లో మాత్రం పింజ కింది వాటాలోనే. ఒంటరిగా వదిలితే వీధి దద్దరిల్లేలా మొరుగుతుంది మరి. ఈమధ్య తల దగ్గరకు చెయ్యి పోతే చాలు, గుర్రుమంటోంది. "అక్కా, ఎడమ చెవి దగ్గర ఏదో గట్టిగా తగులుతోంది, ఒకసారి చూడు" అని చిన్నకోడలు రెండుసార్లు చెప్పింది కూడా. "నా కుక్క సంగతి నాకు నేర్పకు" అని రెండుసార్లూ పుల్ల విరిచినట్టు జవాబొచ్చింది.

ఇప్పుడు ఏకంగా పంచాయితీయే పెట్టింది పెద్దావిడ. "రేపు కత్తెర మాస్టారి దగ్గరకు నడువు. ఒళ్ళంతా వెతికిస్తా. నీ దెబ్బ ఒక్కటి బయటపడిందా, పింజ ఇక నీ గడప తొక్కదు."

"పడకపోతే?"

"నా చేతి తప్పయితే కుక్కని నీకే ఇచ్చేస్తా. మాటంటే మాటే!"

వాళ్ళ భర్తలు, అన్నదమ్ములిద్దరూ అక్కడే ఉన్నారు. ఒకడు గోళ్ళు చూసుకున్నాడు, ఇంకొకడు ఫ్యాను చూశాడు.

కత్తెర మాస్టారంటే కుక్కలకు బొచ్చు కత్తిరించే ఆయన. మొహమాటం తెలియని మనిషి. పింజను బల్ల మీద నిలబెట్టి, స్టీలు దువ్వెన బొచ్చులోకి దించాడు. వేలి గోరంత లోతు దిగి ఆగిపోయింది.

"పైన పూత, అడుగున దుప్పటి," అన్నాడు. "ఎన్నాళ్ళయిందమ్మా దువ్వి?"

"రోజూ దువ్వుతానండీ! అయినా దీని వెంట్రుక రాలదన్నారుగా?"

"నేల మీద రాలదు. ఊడిందంతా ఒంటి మీదే చిక్కుపడుతుంది. చిక్కు తీయకుండా నీళ్ళు పోశారో, ఆరేకొద్దీ బిగిసి చర్మాన్ని లాగేస్తుంది. ముందు దువ్వాలి, ఆ తర్వాతే స్నానం. దువ్వెన మొన చర్మానికి తగలాలి. మీరు దువ్వింది కుక్కని కాదమ్మా, దాని ఫొటోని."

పెద్దావిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు దెబ్బలు చూడండి చాలు!"

మిషను తిరిగింది. బొచ్చు తుంపులు తుంపులుగా కాదు, చాప చుట్టినట్టు ఒక్క ముక్కగా లేచి వచ్చింది. కింద ఎర్రగా కందిన చర్మం. దెబ్బ అన్నది ఎక్కడా లేదు. ఎడమ చెవి దగ్గరకు రాగానే పింజ కీచుమంది. మాస్టారు మిషను ఆపి, చిన్న కత్తెర తీసి, ఊపిరి బిగబట్టి ఏదో తెంపాడు. అరచేతిలో పెట్టి చూపించాడు.

ఎర్ర రబ్బరు బ్యాండు.

"చెవి మొదట్లో చర్మాన్ని కోసుకుంటూ పోయింది. ఇంకో వారమైతే చెవి దక్కేది కాదు. ఇప్పుడే డాక్టరుకు చూపించండి. ఎవరు వేశారిది?"

నెలన్నర కిందట స్టూడియో ముందు అద్దాల్లో పెట్టడానికి తీసిన పింజ పెద్ద ఫొటో పెద్దావిడ కళ్ళ ముందు నిలబడింది. ఎడమ చెవికి ఎర్ర రిబ్బను. ఫొటో అయ్యాక రిబ్బను విప్పింది. రిబ్బను కింద బ్యాండు విప్పిందా? విప్పలేదు. ఫొటో ఎంత బాగా వచ్చిందో అందరికీ చూపించుకునే సంబరంలో అసలు గుర్తే లేదు.

"స్టూడియోకి వచ్చే పిల్లలెవరో..." అని నసిగింది.

"అద్దాల్లో ఫొటో రోజూ చూస్తూనే ఉన్నానక్కా," అంది చిన్నకోడలు.

మాస్టారు పింజను కిందికి దించాడు. గొరిగిన ఒంటితో అది ఎలుకంత అయిపోయింది. ఒకసారి ఒళ్ళు దులుపుకుంది. చిన్నకోడలి కాళ్ళ పక్కనుంచే పోయి, పెద్దావిడ మోకాళ్ళ మీద ముందుకాళ్ళు వేసి, తను కరిచిన బొటనవేలినే నాకడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని ఎత్తి గుండెకు హత్తుకుని బావురుమంది. "నొప్పితో కరిచావురా నా తండ్రీ, నా వల్లే కరిచావురా" అని కుమిలిపోయింది.

చిన్నకోడలు రెండు చేతులూ చాచింది. "ఇలా ఇవ్వు."

"ఒసే... చూస్తున్నావుగా, అది నా దగ్గరకే..."

"చూస్తున్నాను. రెండుసార్లు చెప్తే రెండుసార్లూ నోరు మూయించావ్. అందరి ముందూ నన్ను రాక్షసిని చేశావ్. మాటంటే మాటే అన్నావ్. ఇవ్వు."

మెత్తబడుతుందేమో అని పెద్దావిడ ఆ మొహంలోకి చూసింది. మెత్తబడలేదు. మెడకు కరుచుకున్న పింజ కాళ్ళను ఒక్కొక్కటే విడదీసి, తనే అందించింది.

"దువ్వెన మొన... చర్మానికి తగలాలట," అంది.

"నేనూ విన్నాను," అని చిన్నకోడలు తలుపు తోసుకుని డాక్టరు దగ్గరకు నడిచింది. ఆమె భుజం మీదుగా పింజ వెనక్కి చూస్తూ, వీధి మలుపు తిరిగేదాకా మొరుగుతూనే ఉంది.