తెర మీద లేని రాయి

పొద్దున్నే పత్తి తీతకు పోయే ముందు గ్లోరి ఫ్రిజ్ మీదున్న జీపీఎస్ పెట్టెను తుడుస్తుంది. విశాఖలో చేపల పడవ నడిపిన ఆమె మొగుడు డానీకి సముద్రంలో దారి చూపించిన తెర అది. పడవ రాయికి కొట్టుకుని మునిగాక పెట్టె వలకు దొరికింది, డానీ దొరకలేదు. తిరువూరులో ఇంటికి తెచ్చిపెడితే వైరు లేకుండానే వెలుగుతోంది. ఎంత తుడిచినా అంచుల్లో ఉప్పునీరు ఊరుతుంది. పక్కింటి శివపార్వతి తోడుకని పెరుగు అడగడానికొచ్చి, "ఇవాళ సముద్రం ఎట్టా ఉందే?" అని ఓసారి చూసి పోతుంది.

ఆ పడవలోంచి ఈది బయటపడింది డానీ తమ్ముడు బెన్నీ ఒక్కడే. స్టీరింగు అన్న చేతిలోనే ఉందని వాడు చెప్పాడు. దాంతో ఊరంతా డానీది నిర్లక్ష్యమని తేల్చేసింది. చచ్చినవాడు వచ్చి కాదంటాడా!

సమాధుల పండగ వచ్చింది. అందరూ సమాధులకు సున్నం వేసుకుంటుంటే కొడుక్కి సమాధే లేని అత్త హన్నమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు.

"వాడెక్కడున్నాడో ఆ పెట్టెలో చూడవే. ఆ దిక్కుకే కొవ్వొత్తి పెడతాను" అని వరండాలో కూర్చుంది.

గ్లోరి బొమ్మను దగ్గరికి తెచ్చే ప్లస్ మీట నొక్కింది. ఉత్త నీలం మీద లోతు అంకెలు లేచాయి. ఇంకోసారి నొక్కితే ఇందాక లేని రాయి కనపడింది.

"దూరంగా పెడితే చిన్న రాళ్ళు చూపించదు వదినా" అన్నాడు పండక్కి వచ్చిన బెన్నీ వెనకనుంచి. "ఫోనులో విజయవాడ రోడ్డు ఎంత చిన్నది చేసినా పోదు కదా, ఇదీ అంతేననుకుని దారంతా కనపడేట్టు పెట్టాం. ఇంక చాలు, ఆపెయ్."

గ్లోరి ఆపలేదు. పడవ కనపడింది. మళ్ళీ నొక్కితే పడవ గది లోపల బల్ల మీద, తువ్వాలు తలకింద పెట్టుకుని డానీ నిద్రపోతున్నాడు. స్టీరింగు దగ్గర బెన్నీ ఉన్నాడు.

గ్లోరికి వాడి గొంతు పిసకాలనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"కనపడ్డాడా వాడు?" వరండాలోంచి హన్నమ్మ కేకేసింది.

"కనపడ్డాడత్తయ్యా. నిద్రలో ఉన్నాడు. ఏమీ తెలిసుండదు."

హన్నమ్మ సిలువ గుర్తు వేసుకుంది. కొవ్వొత్తి చేతిలోకి తీసుకుని, "మరి పడవ ఎవరు నడుపుతున్నారే?" అంది.

గ్లోరి బెన్నీ వైపు తిరిగింది.

"నేనేనమ్మా" అంటూ బెన్నీ వరండాలోకొచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

హన్నమ్మ వాణ్ణి కొట్టలేదు. కొడుతుందేమోనని ఎదురుచూస్తూ వాడు చీకటి పడేదాకా అక్కడే తల వంచుకుని కూర్చున్నాడు.