నిండిన మడిలో నీళ్లు

ఆ పొద్దున ఆకాశం మబ్బుపట్టి చెరుకు తలల మీదికి వంగింది. రెంజల్ దారిలో పొలమున్న లింబయ్య కాలువ నీళ్లు మళ్లించే మడవ దగ్గర నిలబడి పైకి చూశాడు. వాన తప్పదనుకున్నాడు.

అతని చెరుకు అప్పటికే తాగింది. కాలు పెడితే పిక్కదాకా దిగుతోంది. ఇక నీళ్లను దిగువనున్న గులాం పొలానికి మళ్లించాలి. గులాంది కొత్తగా నాటిన చెరుకు, మొలకలు ఇప్పుడిప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి నీళ్లు వదిలే లస్కరు కాలువ బంద్ చేస్తాడు. మళ్లీ వంతు ఎప్పుడో.

ఒడ్డు మీద కూర్చున్న గులాం నవ్వాడు. "అన్నా, నీ చెరుకు కల్లు దుకాణంల కూసున్న పెద్దమనిషి లెక్కున్నది. లేవనే లేవది. నా మొలకలకు జర మిగులుస్తదా?"

"ఆగు. మూలకు ఇంక ఎక్కలే."

ఎక్కి చాలాసేపైంది. పారే నీళ్లు ఇంకో గడియ పారితే తనకు పోయేదేముంది, గడ కాస్త బరువెక్కినా లాభమేనని లింబయ్య లెక్క. గులాంకు ఎట్లాగూ వాన ఉంది. మడి నిండి నీళ్లు బండ్లబాటలోకి పొర్లుతుంటే చూపు తిప్పుకున్నాడు.

ఎండెక్కింది. మబ్బు గోదావరి దాటిపోయింది. లింబయ్య ఉరికి మడవ మళ్లించాడు. నీళ్లు గులాం మడిలో సగం సాళ్లు తడిపి, సన్నబడి, ఆగిపోయాయి.

గులాం మోకాళ్ల మీద కూర్చుని, తడిమట్టి దోసిట్లో తెచ్చి ఒక మొలక చుట్టూ పెట్టాడు. తర్వాత ఇంకోదానికి. ఎన్నింటికని పెడతాడు? బాటలో మడుగు కట్టిన ఆ నీళ్లతో ఈ సాళ్లన్నీ తడిసేవి.

"లస్కరు కాలువ జల్ది బంద్ చేసిండా?" అడిగాడు గులాం.

అవునంటే పోయేది. లింబయ్య బాటలోని మడుగు వైపు చూశాడు.

"లే. టైముకే చేసిండు."

గులాం తలెత్తలేదు. "మరి నీ మూలకు ఎప్పుడెక్కినయే, అన్నా?"

"పొద్దుగాల్నే. నువ్వు అడగకముందే."

గులాం చేతులు దులుపుకుని తుమ్మచెట్టు కిందికి పోయాడు. భార్య ఖాతూన్ కట్టిచ్చిన మూట విప్పాడు. లింబయ్య అక్కడే నిలబడ్డాడు. ఇంటికి పోలేదు.

"రా, తిను," అన్నాడు గులాం ఎటో చూస్తూ.

జొన్నరొట్టె విరిచి సగం అతని ముందు పెట్టాడు. మిరపకారం మధ్యకు జరిపాడు. లింబయ్య కూర్చుని చిన్న తునక తుంచుకున్నాడు. కారంలో అద్ది నమిలాడు. ఇద్దరూ ఆ చెట్టు కిందే తిన్నారు.